రెండు ముడుల మీద వేలాడే వల

నేను, ఎల్డన్ ట్రూబ్లడ్, ఇండియానా రాష్ట్రం, పెరిగో ఊరు, పాత క్యానరీ రోడ్డు కాపురస్థుణ్ణి, వయస్సు ఎనభై మూడు. బతికుండగానే, బుద్ధి స్థిమితంగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. ప్రమాణపూర్వకంగా చెబుతున్నట్టు రాయాలని వకీలు పైన్ గారి నమూనాలో ఉంది. మేము ఫ్రెండ్స్ సభ వాళ్ళం, క్వేకర్లంటారు మమ్మల్ని, మాలో ప్రమాణాలు చెయ్యరు. ప్రమాణం చేస్తేనే నిజం చెప్పేవాడు చేసినా చెప్పడని మా తాత అనేవాడు. కనుక ఊరికే చెబుతున్నాను: నా బుద్ధి బాగుంది. మోకాళ్ళు బాగాలేవు. వాటి సంగతి చట్టం అడగలేదు.

ఆస్తుల మధ్య సొంత మాటలు రాయవద్దని కూడా వకీలు గారు చెప్పారు. నా ఆస్తులు తక్కువ గనుక మధ్యలో చోటు చాలా మిగిలింది. ఇన్ని మాటలు ఒక్కసారిగా నేనెప్పుడూ వాడి ఎరగను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవలెను.

ఇంతకుముందు నేను రాసిన వీలునామాలు లేవు. ఎవరైనా చూపిస్తే అది నాది కాదు.

1. నా అన్న కూతురు మార్వెల్లాను ఈ వీలునామా అమలు జరిపే నిర్వాహకురాలిగా నియమిస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, బస్సెడు పిల్లల్ని చిన్న అద్దంలోంచి చూపుతోనే కూర్చోబెట్టిన మనిషి. నా వారసులు అంతమంది లేరు. నా ఇల్లు, దాని చుట్టూ ఉన్న నేల, వెనక కొట్టం, అందులోని కోళ్ళు నా తదనంతరం ఆమెకు సర్వహక్కులతో చెందవలసినది. కొట్టంలో తలుపుకు ఎదురుగా ఉన్న స్తంభానికి బిగించిన ఇనప రింగు, దానికి వేలాడే వల మాత్రం ఇందులో కలవవు. వాటి సంగతి ఆరవ క్లాజులో వస్తుంది. ఈ వీలునామా అంతా వాటికోసమే.

2. మిల్లు వీధిలో ఉంటున్న ఓపల్ హైటవర్ గారికి మా అమ్మ వాల్‌నట్ చెక్క గడియారం. ఆమె నేను కోచ్‌గా ఉన్న బాస్కెట్‌బాల్ జట్టు ఆటలన్నిటికీ స్కోరు బల్ల దగ్గర కూర్చునేది. ఆట అయిపోగానే పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "మంచి ఆట, ఎల్డన్" అనేది. ఓడినా అదే మాట. నేను తల ఊపేవాణ్ణి. ఏదో ఒకటి చెప్పాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఆమె తరవాత నీటిపంపులు బిగించే అతన్ని పెళ్ళి చేసుకుంది, మంచివాడు. ఓపల్ గారూ, అప్పుడు చెప్పనిది ఇది: స్కోరు మీరు బాగా రాశారు. గడియారానికి ఆదివారం పొద్దున కీ ఇవ్వాలి.

3. మార్లో మిల్లర్స్ మాజీ కోచ్ బక్ స్టార్లింగ్ గారికి పెరిగో జిమ్ నుంచి నేను తెచ్చుకున్న నల్లబల్ల. మాతో ఫైనల్ ఓడిన రోజున ఆయన పిడికిలితో గుద్దితే మధ్యకు పగిలింది. స్టార్లింగ్ గారు ఒక్క ఫైనల్ కూడా గెలవలేదు గాని మాటలు గెలిచాయి. "చెమట అబద్ధమాడదు" అన్నారు. "కుంటివాడు కూడా కొండను చూడగలడు" అన్నారు. దాని అర్థం ఏమిటో కుంటివాళ్ళు కూడా చెప్పలేదు. ఆ మాటలు తువ్వాళ్ళ మీద అచ్చువేసి లూమిస్‌బర్గ్ బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం కొట్లో అమ్ముతున్నారు. ఆయన కంచు తల కూడా అక్కడ ఉంది, నోరు తెరిచే ఉంది. నల్లబల్ల వెనకవైపు బాగుంది. కొత్త మాట ఏదైనా తోస్తే రాసుకోవచ్చు.

4. ఈ క్లాజులో ఆస్తి ఏమీ లేదు. ఇది లేకపోతే ఆరవది అర్థం కాదు.

పెరిగో క్యానర్స్ అని ఒక జట్టు ఉండేది. టమాటా డబ్బాల ఫ్యాక్టరీ యజమాని హోమర్ డిల్‌మాన్ పెట్టాడు. ఆటగాళ్ళు పగలు టమాటాలు ఉడికించి సాయంత్రం కార్న్‌బెల్ట్ లీగులో ఆడేవాళ్ళు. ఎదుటి జట్ల వాళ్ళు దగ్గరికొస్తే మా వాళ్ళ చొక్కాల నుంచి సాసు వాసన వచ్చేది. నేను బాయిలర్ దగ్గర పనివాణ్ణి. ఉన్న కోచ్ జీతం పెంచమని గొడవపడి వెళ్ళిపోతే డిల్‌మాన్ ఫ్యాక్టరీ అంతా కలియదిరిగి, "ఏదీ అడగనివాడు ఎవడన్నా ఉన్నాడా ఇక్కడ?" అన్నాడు. అందరూ బాయిలర్ వైపు చూపించారు.

టైమవుట్‌లో, అంటే ఆట కాసేపు ఆపి కోచ్ మాట్లాడే సమయంలో, ఏం చెప్పాలో నాకు తెలియదు. మా ఫ్రెండ్స్ సభలో పాదిరీ ఉండడు. బెంచీల మీద చప్పుడు లేకుండా కూర్చుంటాం. ఎవరికైనా లోపల నుంచి మాట వస్తే లేచి చెబుతారు. రాకపోతే ఇళ్ళకు పోయి భోంచేస్తాం. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే గనుక టైమవుట్‌లో కూడా అదే చేశాను. మొదటిసారి ఆటగాళ్ళు నా వైపు చూశారు. నేను నా బూట్ల వైపు చూశాను. ఎదుటి కోచ్ కేకలు మాకు స్పష్టంగా వినిపించాయి, వాళ్ళు ఏం చేయబోతున్నారో తెలిసిపోయింది, ఆ ఆట గెలిచాం. తరవాత అదే అలవాటైంది.

మా జట్టులో లోపల నుంచి మాట ఎక్కువగా వచ్చేది టగ్ బిక్స్‌లర్‌కు. సెంటర్ ఆటగాడు, గుమ్మం కింద తల వంచకుండా నడిచిన రోజు లేదు. టగ్ బాప్టిస్టు చర్చి మనిషి. వాళ్ళకు మాట ఆలస్యం కాదు.

1958 మూడవ నెలలో మార్లోతో ఫైనల్ మా జిమ్‌లోనే. సగం ఆట కాకముందే టగ్ పాదం విరిగింది. ఆస్పత్రికి పొమ్మంటే, "ఆస్పత్రి రేపు కూడా ఉంటుంది" అని మంచు బక్కెట్లో కాలు పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, బంతి వాళ్ళది. టైమవుట్. అవతల స్టార్లింగ్ గారు కొండ గురించి ఏదో అరుస్తున్నారు. మేం కూర్చున్నాం. జనం కూడా నెమ్మదిగా ఊరుకున్నారు, ఎక్కడో ఎవరో మొక్కజొన్న పేలాలు నమలడం వినిపించింది. అప్పుడు బెంచీ చివర నుంచి టగ్ అన్నాడు:

"ఒరేయ్, ఆ ఏడో నంబరు వాడికి ఎడమ చెయ్యి అలంకారానికే ఉందిరా. కుడి పక్క దారి మూసెయ్యండి. బంతి వాడే తెచ్చి మన చేతిలో పెడతాడు."

తెచ్చి పెట్టాడు. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. కోచ్‌గా నా పేరు పత్రికలో వచ్చింది.

5. ఇందులోనూ ఆస్తి లేదు, వకీలు గారు మన్నించాలి.

గెలిచినవాళ్ళు నిచ్చెన వేసుకుని రింగుకు ఉన్న వలను కోసుకోవడం మా వైపు ఆచారం. ఒక్కొక్కరు ఎక్కి ఒక్కొక్క ముడి కొయ్యాలి, కోచ్ అందరికన్నా ఆఖరున. ఆ ముడితో వల కిందికొస్తుంది, కోచ్ మెడలో వేసుకుంటాడు. డిల్‌మాన్ ముందు ఎక్కి కోశాడు. అది ఆచారం కాదు, ఫ్యాక్టరీ ఆయనది. తరవాత తొమ్మిదిమంది కోశారు. టగ్‌ను భుజాల మీద ఎక్కిస్తామన్నారు. "పెళ్ళికూతుర్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటార్రా నన్ను? కట్టు విప్పనీండి, నా కాళ్ళ మీద నేనెక్కి కోస్తా. రింగేమన్నా పారిపోతుందా?" అన్నాడు. అతను కొయ్యకుండా నేను కొయ్యకూడదు. వల రెండు ముడుల మీద వేలాడుతూ ఉండిపోయింది.

రింగు పారిపోలేదు. లీగు పారిపోయింది. టగ్ కట్టు విప్పకముందే లీగు అధ్యక్షుడు కప్పుతో సహా ఒహైయో వైపు వెళ్ళాడని విన్నాం. డిల్‌మాన్ జట్టు మూసేసి జిమ్‌లో డబ్బాలు పేర్చించాడు. బాయిలర్ తాళాల గుత్తిలో జిమ్ తాళం కూడా ఉండేది. నేను వెళ్ళి రింగును వలతో సహా విప్పి ఇంటికి తెచ్చి కొట్టంలో బిగించాను. టగ్ కర్ర పట్టుకుని వచ్చాడు. నిచ్చెన వేశాను, కత్తెర ఇచ్చాను. అతను కోళ్ళ వైపు చూశాడు.

"వీటి ముందా? మనం మొనగాళ్ళం కోచ్. మన జట్టు పేరు ఏ గోడకైనా ఎక్కనీ, ఆ రోజే కోస్తా. అందాకా ముట్టుకోను."

అందాకా అంటే ఇన్నేళ్ళని మాకు తెలియదు. అతను మొండివాడు. నేనూ మొండివాణ్ణే, చప్పుడు చెయ్యను గనుక తెలియదు.

6. తరవాత లూమిస్‌బర్గ్‌లో మూడు నదుల బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం కట్టారు. మేము అర్జీ పెట్టుకున్నాం. మళ్ళీ పెట్టుకున్నాం. లీగు పూర్తి కాలేదు గనుక విజేత ఎవరో తేలలేదన్నారు ఒకసారి. కప్పు చూపించమన్నారు ఒకసారి. వల చూపిస్తే, రెండు ముడులు ఇంకా ఉన్నాయి గనుక వల కోసినట్టు కాదు, వల కోయనివాళ్ళు ఆచారం ప్రకారం విజేతలు కారన్నారు. గోడ మీద పేరు ఎక్కితేనే కోస్తానని టగ్, కోస్తేనే పేరు ఎక్కిస్తామని వాళ్ళు. ఆ ఉత్తరం చదివి టగ్ మంచం మీద నుంచి దొర్లేటట్టు నవ్వాడు.

అసలు కారణం విందు బల్లలని మార్వెల్లా కనుక్కుంది. పేరు ఎక్కిన ప్రతి జట్టూ ఏటా జరిగే కోడి విందులో పది బల్లల సీట్లు డబ్బిచ్చి కొనాలి. లేని జట్టు బల్లలు కొనదు. ఉన్న జట్లు ఓడినా కొంటాయి. అందుకని ఆ గోడ మీద ఓడినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరూ తృప్తిగా తిన్నట్టే కనిపిస్తారు.

పోయిన వేసవిలో కీర్తిమందిరం డైరెక్టరు గ్రాంట్ ఫెల్టీ మా ఇంటికొచ్చాడు. తెల్లబూట్లతో కొట్టంలో నిలబడి, కోళ్ళను తప్పుకుంటూ మాట్లాడాడు. "కోచ్ గారూ, శుభవార్త! మీ ఒక్కరికీ చోటు దొరికింది. మౌన కోచ్ అని ఒక మూల పెడుతున్నాం. గోడకు గుండీ ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు నొక్కితే అర నిమిషం మీ మౌనం వినిపిస్తుంది. పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చుతుంది!"

జట్టు సంగతి ఏమిటని మార్వెల్లా అడిగింది. జట్ల సంఘం వేరు, అది ఇప్పట్లో కూర్చోదన్నాడు. మరి టగ్ బిక్స్‌లర్? ఆటగాళ్ళ గోడ నిండిపోయిందన్నాడు. ఆ మూలకు రింగూ వలా మాత్రం కావాలన్నాడు. "మీ తదనంతరమైనా సరే, తొందరేం లేదు" అని నా మోకాళ్ళ వైపు చూశాడు.

అతను వెళ్ళాక మార్వెల్లా అంది: "బాబాయ్, నీ మౌనం వినడానికి టిక్కెట్టు పెడతారట! నేను ఇన్నేళ్ళుగా ఊరికే వింటున్నా, నాకు బాకీ ఉన్నావు."

కనుక ఈ కింది విధంగా నిర్ణయించడమైనది.

(అ) నా జట్టు లేకుండా నన్ను ఒక్కణ్ణే ఏ గోడ మీదికీ, ఏ మూలలోకీ, ఏ గుండీలోకీ ఎక్కించరాదు. నేను పోయిన తరవాత అసలే ఎక్కించరాదు. చచ్చినవాళ్ళు విందులో ఉపన్యాసం ఇవ్వరు గనుక కీర్తిమందిరాలకు వాళ్ళంటే మక్కువ. ఫైనల్ గెలిపించిన మాట టగ్‌ది. నేను దానికి అడ్డం రాలేదు, నా కోచింగ్ అంతే.

(ఆ) కీర్తిమందిరం వాళ్ళు పెరిగో క్యానర్స్ పేరునూ, పదిమంది ఆటగాళ్ళ పేర్లనూ గోడ మీద పెడితే, రింగు, వల వాళ్ళకు ఉచితంగా చెందుతాయి. పేర్లు ఇప్పుడు టగ్ లాగా చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి మెడ ఎత్తకుండా చదవగల ఎత్తులో ఉండాలి. టగ్ బతికుండగా జరగాలి. ఆ రోజు రింగును అతని చేతికందే ఎత్తులో పెట్టి, కత్తెర ఇచ్చి, అతని ముడి అతని చేత కోయించాలి. నేను లేకపోతే నా ముడి కూడా అతనే కొయ్యవలసినది.

(ఇ) టగ్ బతికుండగా అలా జరగకపోతే రింగునూ వలనూ కొట్టం బయట గోడకు బిగించాలి. వానా ఎండా వాటి పని అవి చేస్తాయి. ఎవరైనా బంతి వేసుకోవచ్చు. ఫెల్టీ గారు కూడా వేసుకోవచ్చు.

7. సిడర్ గ్రోవ్ వృద్ధాశ్రమంలో ఉంటున్న టగ్ బిక్స్‌లర్‌కు నా ఊగే కుర్చీ, నా చేపల గాలాలు. అతను చేపలు పట్టడు, కాని పట్టినట్టు చెబుతాడు, దానికి గాలాలుంటే నమ్మకం కుదురుతుంది. ఏటా మొదటి మంచు పడ్డాక మా పర్సిమన్ చెట్టు పండ్లతో మార్వెల్లా పుడ్డింగు చేసి అతనికి తీసుకుపోవాలి. తియ్యటివి తినకూడదని నర్సు అంటుంది. ఆ సమయానికి మార్వెల్లా నర్సును మాటల్లో పెట్టాలి.

ఈ వీలునామాకు సాక్షి సంతకం తనే పెడతానని టగ్ పట్టుబట్టాడు. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉండకూడదని వకీలు గారన్నారు. "ఆ రోజు అక్కడున్నది నేను, చూసింది నేను. సాక్షి మటుకు దారిన పోయే దానయ్యా? మంచి చట్టమే!" అన్నాడు టగ్. ఈ విషయంలో నేను టగ్ పక్షం. అయినా చట్టం ప్రకారమే చేశాను.

8. పై కీర్తిమందిరానికి, ఆరవ క్లాజు ఎలా తేలినా సరే, నా చెక్క నిచ్చెన. మాకు ఇచ్చిన ఆఖరి జవాబులో గోడ మీద చోటు లేదని రాశారు. నిచ్చెన వేసుకుని చూస్తే పైన ఇంకా కొంత గోడ ఉంటుంది.

9. నన్ను ఫ్రెండ్స్ సభ వెనక మా అమ్మానాన్నల పక్కన పెట్టాలి. రాయి చిన్నది చాలు. అందరూ చప్పుడు లేకుండా కూర్చోవాలి. ఎవరికైనా లోపల నుంచి మాట వస్తే చెప్పవచ్చు. ఫెల్టీ గారికి బయట నుంచి వస్తుంది, అది చెల్లదు. టగ్ వస్తే అతన్ని ఆపవద్దు. ఎలాగూ ఆగడు.

పైన రాసినదంతా నా ఇష్టం మీద రాసినది. కొట్టివేతలు రెండు చోట్ల ఉన్నాయి, రెండూ ఫెల్టీ గారి గురించే.

2014, పదవ నెల, పంతొమ్మిదవ రోజు. మాలో నెలలకు అంకెలే, పేర్లు లేవు.

(చేవ్రాలు) ఎల్డన్ ట్రూబ్లడ్

సాక్షులు: హోబర్ట్ పైన్, వకీలు. ఐరీన్ స్వాఫర్డ్, పక్క ఇంటివారు.

అనుబంధం

నేను, పై ఎల్డన్ ట్రూబ్లడ్, పై వీలునామాకు ఈ మార్పు చేస్తున్నాను. బుద్ధి అలాగే ఉంది.

మార్వెల్లా పుడ్డింగు తీసుకుని వెళ్ళినప్పుడు టగ్‌కు వీలునామా అంతా చదివి వినిపించింది. వినిపించమని నేను చెప్పలేదు. ఆరవ క్లాజు అయ్యాక అతను చెంచా కింద పెట్టాడట.

"అంటే ఆ తెల్లబూట్ల వాడు విందు బల్లలు అమ్ముకునేదాకా మేమిద్దరం చావకుండా కూర్చోవాలా? వాడి గోడకోసం ఇన్నేళ్ళు ఆగి, నిచ్చెనెక్కే కాళ్ళు పోగొట్టుకున్నా. వ్యాను పిలువమ్మాయ్."

నిన్న మధ్యాహ్నం ఆశ్రమం వ్యాను మా కొట్టం ముందుకు వచ్చి ఆగింది. డ్రైవరు లియోన్ పెట్టిజాన్, మార్వెల్లా కలిసి చక్రాల కుర్చీని గడ్డి మీదుగా లోపలికి తోశారు. నేను స్తంభం దగ్గర మరలు విప్పాను. తుప్పు పట్టాయి, చాలాసేపు పట్టింది. రింగును వలతో సహా తెచ్చి టగ్ ఒళ్ళో పెట్టాను. అతను వలను చేత్తో తడిమాడు. నూలు పసుపుపచ్చగా మారింది. కత్తెర ఇచ్చాను. కొయ్యలేదు.

"టైమవుట్" అన్నాడు.

పక్కనున్న మేత పెట్టె మీద కూర్చున్నాను. మార్వెల్లా, డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు. కోళ్ళు కూడా పెద్దగా మాట్లాడలేదు. అలా కొంతసేపు ఉన్నాం. పెరిగో జిమ్‌లో ఉన్నట్టే ఉంది, పేలాలు లేవు.

తరవాత టగ్ తన ముడి కోశాడు. ఒక్క కోతలో తెగింది. "చూడండ్రా, మొనగాణ్ణి!" అని కోళ్ళతో అన్నాడు. కత్తెర నా వైపు తిప్పి ఇచ్చాడు.

నా ముడి నేను కోశాను. వల చేతిలోకి వచ్చింది. ఆచారం ప్రకారం అది కోచ్ మెడలో పడాలి. పడింది. టగ్ మెడలో వేశాను.

"ఏమన్నా అంటావా, కోచ్?" అని అడిగాడు.

అన్నాను. ఏమన్నానో టగ్‌కు తెలుసు. ఈ కాగితంలో రాయను, ఎక్కడ రాసినా ఫెల్టీ గారు గుండీలో పెట్టించగలరు.

కనుక ఆరవ క్లాజులో (ఆ), (ఇ) రద్దు. వల టగ్ బిక్స్‌లర్‌ది, అతను దాన్ని మెడ మీది నుంచి తియ్యనంటున్నాడు, స్నానానికి కూడా తియ్యలేదని నర్సు ఫోను చేసింది. (అ) అలాగే ఉంటుంది. కీర్తిమందిరానికి రింగు ఇస్తున్నాను. వల లేని రింగులోంచి అవతలిది బాగా కనిపిస్తుంది, గోడకు బిగిస్తే గోడ కనిపిస్తుంది. నిచ్చెన కూడా వాళ్ళకే. అది మార్చలేదు.

2014, పన్నెండవ నెల, ఏడవ రోజు.

(చేవ్రాలు) ఎల్డన్ ట్రూబ్లడ్, కోచ్, పెరిగో క్యానర్స్

సాక్షులు: లియోన్ పెట్టిజాన్, వ్యాను డ్రైవరు, కళ్ళారా చూసినవాడు. ఐరీన్ స్వాఫర్డ్, కంచె మీది నుంచి చూసినవారు.